తాగాలంటే వెళ్లాల్సిందే!

ఫోన్‌లో రెండుసార్లు నొక్కితే చాలు, ప్యారడైజ్‌ బిర్యానీ గుమ్మం ముందు వాలుతుంది. కాకినాడ సుబ్బయ్యగారి హోటల్‌ భోజనం బుట్టలో సర్దుకుని పెళ్లిళ్లకీ పేరంటాలకీ తరలివెళ్తుంది. ఆత్రేయపురం పూతరేకులు విమానమెక్కి డాలస్‌లో దిగుతాయి. తిండికి ఇంతలా కాళ్లొచ్చేశాక రుచి కోసం ఊళ్లు తిరగాల్సిన పనేముంది?

ఉంది. గ్లాసు కోసం తిరగాలి.

తెల్లవారుజామున తాటిచెట్టు మీంచి దించిన నీరా పొద్దెక్కితే కల్లయిపోతుంది. ఇరానీ చాయ్‌ రుచి కౌంటర్‌ మీద కలిపిన ఆ రెండు నిమిషాల్లోనే ఉంటుంది. గోలీసోడా తాగి సీసా అక్కడే ఇచ్చేయాలి. మంగళగిరి కొండ మీది పానకం కొండ మీదే రుచి. వీటిలో ఏదీ అంత తేలిగ్గా పార్సిల్‌కు లొంగదు. అందుకే తెలుగునాట భోజనప్రియులు ఇప్పుడు హోటల్‌ పేరుతో పాటు ఒక పానీయం పేరు, అది దొరికే వేళ కూడా రాసిపెట్టుకుని బయల్దేరుతున్నారు. ఏ ఊళ్లో ఏం తినాలో చెప్పేవాళ్లు వీధికొకరు దొరుకుతారు. ఏ ఊళ్లో, ఏ నెలలో, ఎన్ని గంటలకు ఏం తాగాలో తెలిసినవాళ్లు అరుదు. ఆ లెక్క తెలిస్తే ఊరి ఎండ, ఊరి చెట్టు, ఊరి వృత్తి అన్నీ ఒక్క గుక్కలో అర్థమవుతాయి.

చార్మినార్‌ పక్కన, చీకటితోనే

చార్మినార్‌ను ఆనుకున్నట్టుండే నిమ్రా కేఫ్‌ తెల్లవారక ముందే తెరుచుకుంటుంది. 1993లో మొదలైన ఈ హోటల్‌ ముందు ఆ వేళకే ఆటోవాలాలు, మక్కా మసీదులో నమాజు ముగించుకున్నవాళ్లు, రాత్రి డ్యూటీ దిగి ఇంటికెళ్తున్న కుర్రాళ్లు, మెడలో కెమెరాతో టూరిస్టులు కలిసి ఒకే గుంపుగా నిలబడి ఉంటారు. కుర్చీ కోసం ఎవరూ వెతుక్కోరు. ఒక చేతిలో కప్పు, ఇంకో చేతిలో ఉస్మానియా బిస్కెట్‌ ఉంటే చాలు.

కౌంటర్‌ వెనక జరిగే పనిని కాసేపు నిలబడి చూడాలి. ఒక పాత్రలో నీళ్లు, టీ పొడి వేసి, మూతి బిగించి, సన్నని సెగ మీద చాలాసేపు మగ్గబెడతారు. బిర్యానీకి పెట్టే దమ్మే డికాక్షన్‌కూ పెడతారు. పక్క పొయ్యి మీద పాలు విడిగా మరుగుతూ, తరుగుతూ, చిక్కబడుతుంటాయి. మాస్టర్‌ వరసగా కప్పులు పేర్చి, ఒక చేత్తో పాలు, ఇంకో చేత్తో డికాక్షన్‌ చకచకా పోసుకుంటూ పోతాడు. కొలత గ్లాసు ఉండదు. కప్పులో రంగు చూసి చెయ్యి ఆపుతాడు. గోధుమ రంగుకీ కాషాయానికీ మధ్య ఎక్కడ ఆగాలో ఆ చేతికే తెలుసు. ఆకుతో కలిసి ఉడకని పాలు కాబట్టి వగరూ తీపీ నాలుక మీద విడివిడిగా తెలుస్తాయి. అదే చాయ్‌ని ఫ్లాస్కులో పోసి గంటసేపు తిప్పితే రెండూ కలిసిపోయి మామూలు టీ అయిపోతుంది.

ఈ కప్పు వెనక పెద్ద వలస ఉంది. 19వ శతాబ్దం చివర్లో, 20వ శతాబ్దం మొదట్లో ఇరాన్‌ నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చినవాళ్లు ముందు బొంబాయిలో, తర్వాత పుణెలో, హైదరాబాద్‌లో చాయ్‌ హోటళ్లు పెట్టుకున్నారు. అబిడ్స్‌లోని గ్రాండ్‌ హోటల్‌ 1935 నాటిది. ఇవాళ బిర్యానీకి పెట్టింది పేరైన సికింద్రాబాద్‌ ప్యారడైజ్‌ కూడా 1953లో సినిమా హాలు దగ్గర చాయ్‌, సమోసా అమ్మే చిన్న క్యాంటీన్‌గానే పుట్టింది. హాలు పోయింది, దాని పేరు హోటల్‌కీ కూడలికీ మిగిలింది. రెడ్‌హిల్స్‌లో నీలోఫర్‌ ఆస్పత్రి దగ్గర 1978లో మొదలైన కేఫ్‌ నీలోఫర్‌ ఇప్పుడు నగరంలో పెద్ద పెద్ద శాఖలు తెరిచింది. చాయ్‌తో తినే ఉస్మానియా బిస్కెట్‌కు ఏడో నిజాం మీర్‌ ఉస్మాన్‌ అలీఖాన్‌ పేరు. ఉప్పూ తీపీ కలిసిన ఆ బిస్కెట్‌ను చాయ్‌లో ఎంతసేపు ముంచాలన్నది హైదరాబాదీలు చిన్నప్పుడే నేర్చుకుంటారు. ఒక్క క్షణం ఎక్కువైతే కప్పు అడుక్కి చేరుతుంది.

పాలు వద్దనుకునేవాళ్లకు సులేమానీ ఉంది. పాలు లేని పలచని టీలో నిమ్మరసం పిండి ఇస్తారు. కడుపు నిండా బిర్యానీ తిన్నాక దాన్ని మించింది లేదంటారు పాతబస్తీ పెద్దలు.

ఎండ తగలక ముందే

నీరాకు ఇంకా తొందర ఎక్కువ. సాయంత్రం తాటి గెలను గీసి కుండ కడితే రాత్రంతా బొట్టు బొట్టుగా రసం దిగుతుంది. అందులో సుమారు 10 నుంచి 12 శాతం చక్కెర ఉంటుంది. గాలిలో, గెల మీద, కుండలో ఉండే ఈస్టుకు అంతకన్నా విందు ఏముంటుంది? వేడి తగిలిందంటే చక్కెర తిని ఆల్కహాల్‌గా మార్చే పని మొదలుపెడుతుంది. పొద్దున తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి పుల్లబడుతుంది, నురగ కక్కుతుంది. సూర్యుడు రాకముందే దించి, వెంటనే చల్లబరిస్తేనే అది నీరా. పూర్వం కుండ లోపల సున్నం పూసి పులుపును ఆపేవాళ్లు. ఇప్పుడు ఐసు పెట్టెలు, శీతల గదులు వచ్చాయి.

హైదరాబాద్‌ నెక్లెస్‌ రోడ్డులో, హుస్సేన్‌సాగర్‌ ఒడ్డున, 2023 మే 3న తెలంగాణ ప్రభుత్వం నీరా కేఫ్‌ తెరిచినప్పుడు నగరంలో పుట్టి పెరిగిన చాలామంది దీన్ని మొదటిసారి రుచి చూశారు. కల్లు వాసన ఊహించుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నవాళ్లు కొబ్బరినీళ్లకు దగ్గరగా ఉండే ఆ తియ్యదనానికి ఆశ్చర్యపోయారు. అందులో మత్తు ఉండదు. చిన్నపిల్లలూ తాగొచ్చు. భోజనశాలకు వచ్చినట్టు కుటుంబాలతో వచ్చి తాగే చోటుగా దాన్ని తీర్చిదిద్దారు.

ఊళ్లలో కల్లు మండువ వేరే లోకం. తాటాకు రేకను దోనెలా మడిచి రెండు చేతులతో పట్టుకుంటే, పైనుంచి లొట్టితో పోస్తారు. రేక వాసన, కల్లు పులుపు, పక్కన ఉప్పూ కారం చల్లిన గుడాలు. తెలంగాణ పల్లెలో అత్తారింటికొచ్చిన అల్లుడికైనా, పట్నం నుంచి వచ్చిన దోస్తుకైనా చెట్టు కిందికి తీసుకుపోయి కల్లు పోయించడం మర్యాద. ఈత కల్లుకు చలికాలం, తాటికల్లుకు ఎండాకాలం. తాటిలోనూ పోతుతాడు కల్లు వేరు, పండుతాడు కల్లు వేరు. రుచి తెలిసినవాళ్లు ఏ చెట్టుదో అడిగి మరీ తాగుతారు.

ఆ రేకలోకి కల్లు రావాలంటే మోకు, ముస్తాదు కట్టుకుని ఒక మనిషి రోజూ చెట్టెక్కి దిగాలి. కాలు జారితే నడుము విరుగుతుంది, లేదా ప్రాణమే పోతుంది. అందుకే గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో భద్రతా కిట్లు ఇచ్చే పథకాన్ని తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ప్రారంభించింది. కాటమయ్య గౌడన్నలు కొలిచే దేవుడు. చెట్టెక్కే ముందు ఆయన్ని తలచుకునే అలవాటున్నవాళ్లు నడుముకు కట్టుకునే పట్టీకి ఆయన పేరే పెట్టడం సబబుగా ఉంది.

ఈ ముచ్చటలో ఒక భయం కూడా ఉంది. 2025 జులైలో హైదరాబాద్‌ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. చెట్లు లేని చోట ఏడాది పొడవునా సమృద్ధిగా కల్లు దొరుకుతోందంటే అది ఎక్కడిదని అడగాలి. చెట్టు కనిపించాలి, గీసిన మనిషి కనిపించాలి. ఆ రెండూ లేనిచోట తాగకపోవడమే మంచిది.

రామచంద్రపురం సీసా, రాజమండ్రి గ్లాసు

గోదావరి జిల్లాల్లో బంధువుల ఇంటికెళ్తే “ఏవండోయ్‌, ఎండన పడి వచ్చారు, చల్లగా ఆర్టోస్‌ తాగండి” అంటారు. బయటివాళ్లకు ఆ పేరు కొత్త. రామచంద్రపురంలో అద్దూరి రామచంద్రరాజు 1919లో మొదలుపెట్టిన సోడా వ్యాపారమే తర్వాత ఆర్టోస్‌ అయింది. కోకాకోలా 1977లో దేశం విడిచి వెళ్లినప్పుడూ ఇది ఉంది, 1993లో తిరిగి వచ్చినప్పుడూ ఉంది. ఆ రెండో రాకతో దేశమంతటా ఊరూరి సోడా కంపెనీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఆర్టోస్‌ మాత్రం ఊరివాళ్ల నాలుక మీద నిలబడింది. ద్రాక్షను తలపించే ఆ రుచిని చిన్నప్పుడు తాగినవాళ్లు హైదరాబాద్‌లో స్థిరపడ్డా, సంక్రాంతికి ఊరెళ్లగానే ముందు అదే అడుగుతారు.

ఆర్టోస్‌కు తాత గోలీసోడా. 1870లలో హైరమ్‌ కాడ్‌ అనే ఇంగ్లండు ఇంజినీరు కనిపెట్టిన సీసా అది. మూత అక్కర్లేదు. సీసా మెడలో ఒక గాజు గోలీ, మూతి లోపల ఒక రబ్బరు రింగు, అంతే. సోడా కొట్టేవాడు నీళ్లు నింపిన సీసాలను యంత్రం గూళ్లలో బిగించి, గ్యాస్‌ వదిలి, చక్రం గిర్రున తిప్పుతాడు. సీసాలు తలకిందులైనప్పుడు గోలీ జారి మూతికి చేరుతుంది. లోపలి గ్యాస్‌ దాన్ని రబ్బరుకు అదిమిపెట్టి అక్కడే బంధిస్తుంది. తాగేటప్పుడు చెక్క మూతతో ఒక్క పోటు పొడిస్తే కీచుమని కూత పెట్టి గోలీ మెడ నొక్కులోకి పడుతుంది. సీసా వంచేటప్పుడు ఆ నొక్కు వైపు పట్టుకోకపోతే గోలీ మళ్లీ వచ్చి దారి మూసేస్తుంది. అలవాటున్నవాళ్లు చూడకుండానే సరిగ్గా పట్టుకుంటారు. నిమ్మకాయ పిండి, చిటికెడు ఉప్పు వేస్తే నురగ గ్లాసు దాటి చేతి మీదికి కారుతుంది. ఇదే సీసాలో జపాన్‌వాళ్లు రామునె అనే తియ్యటి సోడా ఇప్పటికీ అమ్ముతున్నారు. మన గోలీసోడా కూడా 2025లో కేంద్ర ప్రభుత్వ ఎగుమతుల సంస్థ అపెడా ప్రోత్సాహంతో గల్ఫ్‌లోని లులు మార్కెట్లకు చేరింది. దుబాయ్‌లో పనిచేసే కడప, కరీంనగర్‌ మనుషులు అక్కడి అరల మీద దాన్ని చూసి సంబరపడి ఉంటారు.

గోదావరి దాటకుండా మరో గ్లాసు. రాజమండ్రి మెయిన్‌ రోడ్డులో రోజ్‌మిల్క్‌ తాగకుండా ఆ ఊరు చూశామని చెప్పుకోరు. పల్చని గులాబీ రంగు, బాగా చల్లబడిన పాలు, చివర్లో ముక్కుకు తగిలే గులాబీ. చీరల షాపింగ్‌కు వచ్చినవాళ్లు, కాలేజీ పిల్లలు, పుష్కరాలకు వచ్చిన యాత్రికులు అందరూ అక్కడ ఆగుతారు. కాకినాడలో అరిటాకు నిండా వడ్డించిన సుబ్బయ్యగారి హోటల్‌ భోజనం మధ్యాహ్నం చేసి, సాయంత్రానికి రాజమండ్రి చేరి రోజ్‌మిల్క్‌ తాగడం చాలామందికి ఒక రోజు ప్రయాణపు పథకం.

కొండ మీది పానకం, అడవిలోని వేరు

శ్రీరామనవమి రోజు పందిళ్లలో పంచే పానకం తెలియని తెలుగువారు లేరు. బెల్లం, మిరియాలు, ఏలకులు, నీళ్లు. ఎండలు ముదిరే చైత్రంలో చెమటతో పోయిన శక్తిని బెల్లం భర్తీ చేస్తుంది. మిరియం గొంతును పట్టుకుంటుంది. ఆ పానకాన్నే ఏడాది పొడవునా దేవుడికి నైవేద్యం పెట్టే చోటు మంగళగిరి. కొండ మీద పానకాల లక్ష్మీనరసింహస్వామి తెరిచిన నోట్లోకి అర్చకులు శంఖంతో పానకం పోస్తారు. స్వామి గుటక వేస్తున్నట్టు చప్పుడు వినిపిస్తుంది. సగం పుచ్చుకున్నాక ఆ చప్పుడు ఆగిపోతుందని, మిగతా సగం భక్తులకు వదిలేస్తాడని నమ్మకం. ఆ సగాన్నే ప్రసాదంగా ఇస్తారు. ఇంత బెల్లం పారే చోట చీమలు కనిపించకపోవడాన్ని భక్తులు విశేషంగా చెప్పుకుంటారు. మధ్యాహ్నం దాటాక ఎగువ సన్నిధి మూసేస్తారు. రాత్రి దేవతలు వచ్చి పూజిస్తారని ప్రతీతి. అంటే ఇక్కడా వేళ తప్పితే గ్లాసు దొరకదు.

రాయలసీమకు వెళ్తే దాహం మాటే వేరు. కడప, కర్నూలు, అనంతపురం వీధుల్లో వేసవి వచ్చిందంటే నన్నారి షర్బత్‌ బండ్లు వరసకడతాయి. సుగంధిపాల అనే తీగ వేళ్లను కడిగి, దంచి, నానబెట్టి, ఆ నీటిని చక్కెరతో కాచి పాకం తీస్తారు. గ్లాసులో రెండు చెంచాల పాకం, సగం నిమ్మకాయ, నానిన సబ్జా గింజలు, చల్లని నీళ్లు లేదా సోడా. మొదటి గుక్కలో నిమ్మ పులుపు, ఆ వెనకే తొలకరి మట్టి పరిమళం. అచ్చమైన వేరుతో చేసిన పాకం లేత గోధుమ రంగులో ఉంటుంది. కళ్లు చెదిరే ఎరుపుంటే అది రంగూ ఎసెన్సూ కలిపిన సరుకే. నల్లమలలో చెంచులు ఈ వేళ్లను సేకరిస్తారు. విశాఖపట్నం కేంద్రంగా 1956 నుంచి పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ తన దుకాణాల్లో నన్నారి షర్బత్‌ అమ్ముతుంది. వేరు మొత్తం పీకేస్తే తీగ చస్తుంది, కొంత వదిలేస్తే మళ్లీ చిగురిస్తుంది. అడవిలో ఆ పాఠం తెలిసిన చేతులు తవ్వితేనే వచ్చే వేసవికి షర్బత్‌ ఉంటుంది.

మన్యంలో జీలుగు

రాజమండ్రి నుంచి రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి వెళ్లే ఘాట్‌ రోడ్డు పక్కన బొంగులో చికెన్‌ పొగలు కనిపిస్తాయి. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, మూతికి ఆకులు బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క పడదు. వెదురులోని తేమతోనే మాంసం ఉడుకుతుంది. యాత్రికులంతా దానికోసం ఆగుతారు. ఆ చుట్టుపక్కల గూడేల్లో మర్యాద మాత్రం జీలుగు కల్లు పోయడం.

జీలుగు తాటికి బంధువే. చేప తోకలా చీలిన ఆకులతో కొండవాలున ఒంటరిగా నిలబడుతుంది. ఏళ్ల తరబడి పెరిగాక ఒక్కసారే పూతకొస్తుంది. మొదటి గెల తల దగ్గర, తర్వాతవి కిందికి కిందికి. చివరి గెల పూర్తయ్యాక చెట్టు చనిపోతుంది. అంటే ఒక జీలుగు చెట్టు తన జీవితకాలంలో కల్లిచ్చేది చివరి కొన్నేళ్లే. అందుకే గూడెంలో ఏ చెట్టు ఎవరిదో, ఏది ఎప్పుడు గీతకొస్తుందో అందరికీ లెక్క ఉంటుంది. ఎండబెట్టిన ఆనపకాయ బుర్రలో పట్టుకొచ్చి పోస్తారు. తాటికల్లు కంటే మెత్తగా, తియ్యగా ఉంటుంది. రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలోని ఉద్యాన పరిశోధన స్థానం జీలుగు నీరా మీద, దానితో బెల్లం తయారీ మీద పనిచేస్తోంది. పులవకుండా నిలవ ఉంచగలిగితే చెట్టున్న గిరిజన రైతుకు రోజూ కాస్త రాబడి ఉంటుంది.

ఇంకా పైకి, అరకు వైపు వెళ్తే కాఫీ. సిల్వర్‌ ఓక్‌ నీడన, మిరియాల తీగల మధ్య గిరిజన రైతులు పండించే అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అంతకు రెండేళ్ల ముందే, 2017లో, ప్యారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరుచుకుంది. 2025లో పార్లమెంటు ప్రాంగణంలోనూ అరకు కాఫీ స్టాళ్లు పెట్టారు. కాఫీ గింజ విమానమెక్కింది సరే, కాఫీ పండు తొక్క మాత్రం చాలాకాలం ఎరువు కుప్పకే చేరేది. ఆ ఎండు తొక్కను వేడినీళ్లలో నానబెడితే వచ్చే కస్కరా అనే కషాయం ఇప్పుడు కొన్ని కాఫీ దుకాణాల మెనూలోకి ఎక్కింది. ఎండు ఖర్జూరం, చింతపండు కలిసినట్టుండే ఆ రుచి కాఫీకి ఎంతమాత్రం పోలికలేనిది.

బయటి గ్లాసులు

వేళా స్థలమూ తెలిసినవాళ్లు ఇతర రాష్ట్రాలకూ ఇదే లెక్కతో వెళ్తారు. కోల్‌కతా కాలేజ్‌ స్క్వేర్‌లో 1918 నాటి పారమౌంట్‌ షర్బత్‌ దుకాణం ఉంది. పాలరాతి బల్లలున్న చిన్న గది. నీహార్‌ రంజన్‌ మజుందార్‌ దాన్ని నడిపిన రోజుల్లో వెనక గది స్వాతంత్ర్య పోరాటంలో ఉన్న విప్లవకారులు కలుసుకునే చోటు. అక్కడి డాబ్‌ షర్బత్‌, అంటే లేత కొబ్బరినీళ్లు, మీగడలాంటి కొబ్బరి కలిపిన పానీయం, రసాయన శాస్త్రవేత్త ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్‌ సూచించినదని చెబుతారు. ఆకలితో తిరిగే విద్యార్థులకు చవకగా బలం ఇవ్వాలన్నది ఆయన ఆలోచన. పుస్తకాల వీధిలో నడిచి అలసిన వాళ్లకు ఇవాళ్టికీ అదే ఊరట.

మదురైలో జిగర్‌తండా. నానబెట్టిన బాదం జిగురు, చిక్కగా కాచిన పాలు, మన సీమవాళ్లకు బాగా తెలిసిన నన్నారి పాకం, పైన ఐస్‌క్రీమ్‌. మీనాక్షి అమ్మవారి దర్శనం చేసుకుని వచ్చే తెలుగు యాత్రికుల్లో చాలామంది విలక్కుత్తూన్‌ కూడలి దగ్గర ఆ గ్లాసు పట్టుకుని నిలబడి కనిపిస్తారు. పాకం రుచి తెలిసిందే, జిగురు నాలుక మీద జారే తీరు కొత్త.

కొత్త మెనూలో పాత కుండ

జూబ్లీహిల్స్‌, గచ్చిబౌలి రెస్టారెంట్లలో యువత ఇప్పుడు అడుగుతున్నవి బోబా టీ, కొంబుచా. రెండింటికీ మన వంటింటితో చుట్టరికం ఉంది.

బోబా 1980లలో తైవాన్‌లో పుట్టింది. తైచుంగ్‌, తైనాన్‌ నగరాల్లోని రెండు టీ దుకాణాలు అది తమదంటే తమదని ఏళ్ల తరబడి కోర్టులో వాదించుకున్నాయి. లావుపాటి స్ట్రాలోంచి నోట్లోకి దూకే ఆ నల్లని గుండ్రాలు కర్రపెండలం పిండితో చేసినవి. పెద్దాపురం, సామర్లకోట ప్రాంతాల మిల్లుల్లో సగ్గుబియ్యం చేసేదీ ఆ దుంప పిండితోనే. పాయసంలో ఉడికి పారదర్శకంగా మెరిసే సగ్గుబియ్యాన్ని కాస్త పెద్దది చేసి, బెల్లం లాంటి నల్ల చక్కెరలో నానబెడితే బోబాకు అడుగు దూరంలో ఉన్నట్టే. గోదావరి సగ్గుబియ్యం మిల్లు యజమానులు, హైదరాబాద్‌ కేఫ్‌లు కలిసి కూర్చుంటే మన బోబా మనమే చేసుకోవచ్చు.

కొంబుచా తీపి టీని పులియబెట్టి చేసే పానీయం. ఈస్టు, బ్యాక్టీరియా కలిసి పెరిగిన మందపాటి పొర సీసాలో తేలుతూ వారం పది రోజుల్లో దాన్ని పుల్లగా, గ్యాస్‌ నిండినట్టుగా మారుస్తుంది. పేగులకు మంచిదని కొంటున్నారు. కోస్తా ఇళ్లలో ఒకప్పుడు ఇదే పని తరవాణి కుండ చేసేది. గంజి, బియ్యం కడుగు రోజూ అందులో పోస్తుంటే పులిసి, పుల్లని తేట తయారయ్యేది. ఉప్పు, దబ్బాకు వేసి, రాత్రి మిగిలిన అన్నంలో పోసుకుని పొద్దున్నే తిని పొలానికి వెళ్లేవాళ్లు. పులుపు పుట్టించే బ్యాక్టీరియాను పోషించే పరిజ్ఞానం ఆ ఇల్లాళ్లకు ఉండేది. హైదరాబాద్‌, విజయవాడ హోటళ్లు కొన్ని మట్టిపాత్రలో పెరుగు చద్దన్నం, పచ్చిమిర్చి, ఉల్లిపాయ పెట్టి ఉదయం ఫలహారంగా అమ్మడం మొదలుపెట్టాయి. తరవాణి గ్లాసు ఇంకా ఏ మెనూలోనూ సరైన చోటు సంపాదించలేదు. సంపాదించాలి. సీసా కొంబుచాకు పెట్టే డబ్బులో చాలా తక్కువకే అది తయారవుతుంది.

జావ విషయంలో ఆ మార్పు వచ్చింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఏడాదే రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ బడుల్లోనూ పిల్లలకు రాగిజావ ఇవ్వడం మొదలైంది. పార్కుల గేట్ల దగ్గర, పొద్దున నడకకు వచ్చేవాళ్ల కోసం రాగిజావ, జొన్న అంబలి బండ్లు వెలిశాయి. మజ్జిగ కలిపి, ఉల్లిపాయ ముక్కలు చల్లి, స్టీలు గ్లాసులో పోసిచ్చే ఆ అంబలి ఒకప్పుడు కూలి మనిషి పొద్దుటి తిండి. ఇప్పుడు కారు ఆపి మరీ తాగుతున్నారు.

ఎప్పుడు, ఎక్కడ

బయల్దేరాలనుకునేవాళ్లు కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి. షర్బత్‌, సోడా తాగేటప్పుడు ఐసు ఎక్కడిదో చూసుకోవాలి. చేపలు నిలవ ఉంచే గడ్డను దంచి గ్లాసులో వేసే చోట ఐసు లేకుండా అడగడం మేలు. మన్యం గూడేల్లో ఎవరైనా జీలుగు పోస్తే అది అమ్మకం కాదు, ఆతిథ్యం. ఫొటో తీసే ముందు అడగాలి, చెట్టు గురించి నాలుగు మాటలు వినాలి. కల్లు తాగి బండి నడపకూడదు.

ఇక కాలం లెక్క. కార్తికం నుంచి మాఘం దాకా పల్లెల్లో ఈత కల్లు, నీరా. ఫాల్గుణం వచ్చేసరికి తాటి. చైత్రంలో పానకం, మార్చి నుంచి జూన్‌ దాకా సీమలో నన్నారి. కాఫీ పండ్లు ఎర్రబడి కోతకొచ్చే నవంబరు, డిసెంబరు, జనవరి నెలల్లో అరకు. ఇరానీ చాయ్‌కి, రాజమండ్రి రోజ్‌మిల్క్‌కి కాలంతో పనిలేదు, వేళ తెలిస్తే చాలు. మంగళగిరికి మధ్యాహ్నం లోపే చేరాలి. నీరా తాగాలంటే మాత్రం ముందురోజు సాయంత్రమే ఆ ఊళ్లో తెలిసినవాళ్లకు ఫోన్‌ చేయాలి. “గౌడన్నా, రేపు పొద్దుగాల ఏ చెట్టు గీస్తున్నవ్‌?” అని అడిగి, అలారం నాలుగు గంటలకు పెట్టుకుని పడుకోవాలి.